పల్లె పాటకు పద్దు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



నేను పండితుడను కాను. గ్రామపు లెక్కలు వ్రాసికొనుచు, తీరిక దొరికినప్పుడు నిఘంటువు ప్రక్కన పెట్టుకొని భారత భాగవతములు చదివికొన్నవాడను. ఈ రజతోత్సవ వేదికపై నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరినప్పుడు, ఏదో ఒక కావ్యమును గూర్చి చెప్పుదునని వారు తలచియుందురు. నేను మాత్రము ఈ బీరువాలలో లేనిదానిని గూర్చి మాట్లాడదలచినాను. మన పొందూరు పరిసరముల పల్లె పాటలను, పాడువారి గొంతులతోనే రికార్డు చేయించి, ఒక సంపుటముగా కూర్చి ఈ గ్రంథాలయమున నిలుపవలెనని నా కోరిక. అది ఎందుకు చేయవలెనో, ఎట్లు చేయవలెనో మనవి చేసెదను.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము అక్షరమును కాపాడినది. అది సామాన్యమైన సేవ గాదు. కాని పాట విషయము వచ్చునప్పటికి అక్షరము సగమునే కాపాడగలదు. దీనికి మన వాఙ్మయములోనే నిదర్శనమున్నది. తాళ్లపాక అన్నమాచార్యులవారి (1408–1503) సంకీర్తనలను వారి వంశమువారు రాగిరేకులపై చెక్కించి తిరుమల ఆలయమున భద్రపరచిరి. శతాబ్దములు గడచిన పిమ్మట ఆ రేకులు వెలుగులోనికి వచ్చినవి. వేటూరి ప్రభాకరశాస్త్రి, రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ మొదలగు మహనీయులు వాటిని పరిష్కరించి లోకమునకు అందించిరి. రేకులపై పాటకు రాగము పేరున్నది, సాహిత్యమున్నది. ఆచార్యులవారు పాడిన వరుస మాత్రము లేదు. రాళ్లపల్లివారు పెక్కు సంకీర్తనలకు తామే క్రొత్తగా వరుసలు కట్టవలసివచ్చినది. కోవెలలో, రాగిరేకుపై, అంత భక్తితో దాచిన పాటకే ఈ నష్టము తప్పలేదు. మన పొలము గట్లపై పుట్టిన పాటకు రేకు లేదు, అర లేదు. పాడు గొంతు ఆగిన దినమున అక్షరమును, వరుసయు రెండును పోవును.

పల్లె పాటలు మోటువి, వాటికి ఇంత సంరంభమెందుకని కొందరు అనవచ్చును. పాల్కురికి సోమనాథుడు అట్లనుకొనలేదు. కాకతీయుల కాలమున వెలసిన ఆ మహాకవి తన పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదములను, ప్రభాత పదములను, గొబ్బి పదములను, వెన్నెల పదములను పేరుపేరున పేర్కొన్నాడు. బసవపురాణములో రోకటి పాటల ప్రసక్తి యున్నది. జనము నోటనున్న పాట కావ్యమున చోటు పొందుటకు తగినదని ఆయన గుర్తించినాడు. అయినను నేడు మనకు దక్కినవి ఆ పేరులే. ఆ కాలపు వెన్నెల పదమును ఏ వరుసలో పాడిరో చెప్పగలవారెవ్వరును లేరు. మన కాలమున బిరుదురాజు రామరాజుగారు (1925–2010) ఉస్మానియా విశ్వవిద్యాలయమున తెలుగు జానపద గేయ సాహిత్యముపై పరిశోధించి, ఈ సంపదకు విద్యాపీఠములలో గౌరవము కలిగించిరి. పాట గొప్పదా కాదా అను తగవు అంతటితో తీరినది. ఇక మిగిలినది దానిని దక్కించుకొను పని.

మన ప్రాంతమున ఏ పాటలున్నవో మీకు నేను చెప్పనక్కరలేదు. ఉడుపు నాడు ఒక ఆడకూతురు ఎత్తుకొనగా తక్కినవారందరు అందుకొను పాట యున్నది. దంపుడు పాట, తిరగలి పాట, జోలపాట యున్నవి. గౌరమ్మ పాటలున్నవి. గ్రామదేవత సంబరములలో జముకుల కథ యున్నది. జముకు అనగా ఒక వంక తోలు మూసి, ఆ తోలు నడుమనుండి నరమును లాగి కట్టిన వాద్యము. నరము బిగువును బట్టి దాని నాదము హెచ్చి తగ్గుచుండును. మాట పలుకుచున్నదో, వాద్యము పలుకుచున్నదో తెలియని విధమున నేర్పరులు దానిని వాయింతురు. తప్పెటగుళ్లవారు రొమ్మునకు కట్టిన తప్పెటను రెండు చేతుల వాయించుచు, కాలి గజ్జెలు ఘల్లుమన గంతులు వేయుచు పాడుదురు.

ఇవి యెందుకు తరిగిపోవుచున్నవి? పాడువారికి శ్రద్ధ తగ్గినదనుట న్యాయము గాదు. పాట పనితో కలిసి పుట్టినది. బియ్యపు మిల్లు వచ్చిన పిదప రోకలి మూలబడినది, రోకటి పాట దానితో మూలబడినది. పిండి మర వచ్చినది, తిరగలి పాట నిలిచిపోయినది. రోకటిపోటు బరువును మరలవారి అమ్మలకెవ్వరును అంటగట్టరాదు. మిల్లు వచ్చుట మేలే. అయితే పని పోయినను పాట నిలుచుటకు మరియొక చోటు చూపవలసిన బాధ్యత మన మీద నున్నది. ఆ పాటలు నేర్చినవారు నేడు ముదుసలులు. వారి తరువాతి వారికి పల్లవులు వచ్చును, చరణములు రావు. అందుచేత ఈ పనికి గడువున్నదని నా మనవి.

ఇక రికార్డు కథ కొంత తెలిసికొందము. మన దేశమున గ్రామఫోను కంపెనీవారు 1902లో కలకత్తా నగరమున గౌహర్ జాన్ మొదలగు గాయకుల పాటలను పట్టిరి. 1908లో అక్కడనే రికార్డులు అచ్చొత్తు కర్మాగారము వెలసినది. ఆనాటి రికార్డు లక్కతో చేసినది. నిమిషమునకు 78 చుట్లు తిరుగునది. పది అంగుళముల రికార్డున ఒక్కొక్క వైపు పట్టునది సుమారు మూడు నిమిషముల పాట. శాస్త్రీయ విద్వాంసులు రాగమును కుదించి, కీర్తనను క్లుప్తపరచి ఆ మూడు నిమిషములలో ఇముడ్చుకొనిరి. రాత్రి తెల్లవార్లు సాగు జముకుల కథ ఆ పళ్లెములో ఎట్లు పట్టును? కనుక పల్లె పాటలో చిన్నవి, చురుకైనవి మాత్రమే రికార్డుకెక్కినవి. పొడుగైనవి బయటనే యుండిపోయినవి. 1948లో పెద్ద రికార్డు, 1963లో క్యాసెట్టు వచ్చి వ్యవధి పెరిగినది. అదే 1963లో విశాఖపట్టణమున ఆకాశవాణి కేంద్రము వెలసి, మన ఉత్తరాంధ్ర గొంతులకు దగ్గరలో ఒక వేదిక ఏర్పడినది.

తెలుగు పల్లె పాటను సభలకు, రేడియోకు, గ్రామఫోను రికార్డులకు ఎక్కించినవారిలో వింజమూరి సోదరీమణులను ముందు తలచుకొనవలెను. కాకినాడలో జన్మించిన అనసూయాదేవిగారు (1920–2019), వారి సోదరి సీతాదేవిగారు జనుల నోటినుండి పాటలు సేకరించి, నేర్చుకొని, హార్మోనియము శ్రుతిపై పాడి వినిపించిరి. చదువుకొన్నవారు పల్లె పాట వినుటకు సిగ్గుపడు కాలమున వారు ఆ సిగ్గు పోగొట్టిరి. అది చాల గొప్ప ఉపకారము. మన వంగపండు ప్రసాదరావుగారు (1943–2020) పార్వతీపురపు పల్లె పలుకుబడినే పాటగా మలచి తెలుగునాట నలుమూలల వినిపించిరి. 2020లో వచ్చిన పలాస 1978 అను చిత్రములో మన ప్రాంతపు నక్కిలీసు గొలుసు పాట విని, తెలుగు తెలిసిన పిల్లలందరు చిందులు వేసిరి. పాట ఇంత దూరము ప్రయాణము చేయగలదని వీటివలన తెలియుచున్నది. ఇక చేయవలసినది మరియొకటి కలదు. పొలములో పాడిన ఆ తల్లి గొంతు, జముకు పట్టిన ఆ కథకుని గొంతు, వారి వారి పేర్లతో, వారి ఊరి పేరుతో నిలువవలెను.

పేరు సంగతి ఇంతగా ఎందుకు చెప్పుచున్నానో ఒక విదేశీ వృత్తాంతము వలన విశదమగును. అమెరికా దేశమున పల్లె పాటల రికార్డుల చరిత్రను 1927లో బ్రిస్టల్ అను పట్టణమున జరిగిన పనితో ముడిపెట్టి చెప్పుదురు. రాల్ఫ్ పీర్ అను ఆయన, విక్టర్ కంపెనీ పక్షమున, జూలై 25 మొదలు ఆగస్టు 5 వరకు అక్కడ మకాము చేసెను. ఖాళీగా నున్న ఒక టోపీల కొట్టు మేడపై యంత్రములు అమర్చి, ప్రతిధ్వని రాకుండ దుప్పట్లు వ్రేలాడగట్టి, కొండ ప్రాంతపు పల్లెటూళ్లనుండి వచ్చిన 19 బృందములవారి చేత 76 పాటలు పాడించి పట్టెను. అందు కార్టరు కుటుంబము ఒకటి. ఏ.పి. కార్టరు, ఆయన భార్య శారా, ఆమె బంధువు మేబెల్ అను మువ్వురు. వారి పాటలు దేశమంతట మ్రోగినవి.

మరిన్ని పాటలకొరకు కార్టరు పల్లెల వెంట తిరుగుచుండెను. ఆయనకు మాటలు వ్రాసికొనుట వచ్చును, వరుస గుర్తుంచుకొనుట కష్టము. అందుకై లెస్లీ రిడిల్ అను నల్లజాతి వాద్యకారుని వెంట తీసికొనిపోయెను. ఒకరు కాగితముపై మాటలు, ఒకరు మనసులో వరుస పట్టుకొని ఇంటికి వచ్చుచుండిరి. తరువాత రికార్డులపై అచ్చుపడినది కార్టరు పేరు. పాట నేర్పిన వృద్ధుల పేర్లు లేవు, రిడిల్ పేరు లేదు. 1960 దశకములో మైక్ సీగర్ అను గాయకుడు రిడిల్‌ను వెదకి పట్టుకొని ఆయన పాటలు రికార్డు చేయువరకు లోకమునకు ఆయన సంగతి తెలియలేదు. ఆ రికార్డుల వలన పాటలు బ్రదికినవనుట నిజము. లెక్కలు వ్రాయువాని కంటితో చూచినచో, అందు జమ ఉన్నది గాని ఎవరి ఖాతాలోనిదో ఆ పద్దు తప్పినది. మన సంపుటములో అట్టి తప్పు దొరలరాదు.

సరియైన పద్ధతికి ఆదర్శము మన జిల్లాలోనే యున్నది. శ్రీకూర్మము దగ్గరి పర్వతాలపేటలో 1863లో జన్మించిన గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా నుండి సవరల భాష నేర్చిరి. ఆ భాషకు అప్పటికి లిపియు లేదు, వ్యాకరణమును లేదు. సవర మాటలాడువానిని ఇంట నుంచుకొని, తాము శిష్యులై, అతనిని గురువుగా చేసికొని నేర్చిరి. 1931లో వ్యాకరణమును, 1938లో నిఘంటువును ప్రకటించిరి. లోకము తక్కువగా చూచు మనుష్యుని యెదుట విద్యార్థివలె కూర్చుండుట ఆ పనికి మొదటి మెట్టు. మనకును అదియే మొదటి మెట్టు. జముకుల కథ చెప్పువారిని వాకిట నిలిపి చేటెడు బియ్యము పోయుట మనకు అలవాటు. ఈ పనికి వారిని లోనికి పిలిచి, కుర్చీ వేసి, చెప్పండని అడుగవలెను. మన సభ్యత్వపు పట్టికలో ఎన్నడును పేరు లేని ఇండ్లలోనే ఈ పాటలున్నవను సంగతి కూడ మనము గుర్తింపవలెను.

ఇక పని చేయు విధానము. పొందూరు వారికి నేను నేర్పునది లేదు, మన నేతపని తెలిసినవారికి ఇది తెలిసినదే. మన సన్న ఖద్దరుకు దూదిని సిద్ధము చేయుటలో వాలుగ చేప దవడతో దువ్వుట ఒక అంతరువు గదా. ఆ దవడ పండ్లు చెత్తను తీయును, పోగును తెంపవు. గింజ తీసి, ఏకి, ఏకులను ఎండిన అరటి పొరలో దాచి, ఇరువదినాలుగు ఆకుల రాట్నముపై వడికినప్పుడే నూరవ నంబరు నూలు దిగును. తొందరపాటు గల యంత్రము చెత్తతోపాటు పోగును కూడ తుంచును. పాటను శుభ్రపరచుటలో ఇదే జాగ్రత్త వలయును. నేడు గొంతులోని శ్రుతిని దిద్దు యంత్రములు, గాలి చప్పుడును తుడుచు యంత్రములు వచ్చినవి. మోటారు మ్రోత తీయవచ్చును. పాడు తల్లి తీసిన ఊపిరిని, ఆమె సాగదీసిన స్వరమును తీయరాదు. హార్మోనియము మెట్లకు లొంగని స్వరములు పల్లె గొంతున ఉండును. అవి అపస్వరములని దిద్దినచో మిగులునది మన పాట గాదు.

పాడువారిని పట్టణమునకు తీసికొనిపోయి, అద్దాల గదిలో నిలిపి పాడుమనుట నాకు సమ్మతము గాదు. ఉడుపు పాటకు వంగిన నడుము, బురదలో కదలు కాళ్లు తాళము. చేతిలో నారు లేనిచో లయ తప్పును. కనుక పని పాటలను పని చోటనే పట్టవలెను. ఎత్తుకొను గొంతునకు ఒక మైకు, వంతవారికి ఒక మైకు ఉండిన చాలును. మాటలు స్పష్టముగా దక్కుటకు అదే పాటను మరియొకమారు, బ్రిస్టల్‌లో వలె దుప్పట్లు కట్టి, ఈ గ్రంథాలయపు గదిలోనే నెమ్మదిగా పాడించి పట్టవచ్చును. కథ ఎంత పొడుగైనను మొదటినుండి తుదివరకు పట్టవలెను. నేటి యంత్రములకు మూడు నిమిషముల సంకెల లేదు. బయటి జనులకు వినిపించు సంపుటమునకు ఏరిన పాటలు పది చాలును, బీరువాలో నిలుపునది మాత్రము సంపూర్ణముగా నుండవలెను. కీబోర్డు, రిథమ్ పెట్టె చేర్చి సొంపు చేయుదమని ఎవరైన అన్నచో, అది వేరొక సంపుటముగా వారిని చేసికొనుమని చెప్పుదము.

తరువాత నాకు తెలిసిన పని వచ్చుచున్నది. ప్రతి పాటకు ఒక పద్దు వ్రాయవలెను. పాడినవారి పేరు, ఊరు, పాట పాడు సందర్భము, ఎవరివద్ద నేర్చిరి, ఏ తేదీని ఎక్కడ పట్టితిమి, వాద్యములెవ్వరు వాయించిరి, పొరుగూరి పాఠమున భేదమేమి, ఇన్ని గళ్లతో ఒక పుస్తకము పెట్టవలెను. వారు పలికిన మాట పలికినట్లే వ్రాయవలెను, గ్రాంథికముగా దిద్దరాదు. వంత పాడినవారి పేర్లు కూడ వదలరాదు. పాడుటకు ముందే వారి అనుమతి తీసికొనవలెను. ఇందుకు చట్టము కూడ తోడున్నది. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1994లో చేసిన సవరణ పాడువారికి, ఆడువారికి తమ ప్రదర్శనముపై హక్కు కల్పించినది. గాయకుడు, వాద్యకుడు, నర్తకుడు మొదలు పాములనాడించువాని వరకు ఆ హక్కుదారులలో చేరుదురు. 1999 సవరణతో ఆ హక్కు 50 సంవత్సరములకు పెరిగినది. సంపుటముపై రూపాయి వచ్చినచో అందు పాడినవారికి భాగముండవలెను. రాకపోయినను వారు పోగొట్టుకొన్న దినపు కూలి గ్రంథాలయము చెల్లింపవలెను. ఆ పద్దు పుస్తకము వ్రాయు భారము నాది. అందుకు నేను జీతము కోరను.

ప్రతివారి చేతిలో ఫోను ఉన్నది, ఎవరికి వారు పట్టుకొనుచున్నారు గదా, గ్రంథాలయమెందుకని యువకులు అడుగుదురు. నాయనలారా, మీరు పట్టుచున్నది మంచిదే, ఆ పని మానవద్దు. కాని ఫోనులోని పాట చిల్లర కాగితముపై వ్రాసిన రసీదు వంటిది. పాడినదెవరో దానిపై ఉండదు. ఫోను నీటబడిన పోవును, క్రొత్తది కొనిన పోవును. మీరు పట్టినదానిని ఇచ్చట తెచ్చి పద్దు వ్రాయించి నిలుపుడు. కుదింపక ఉంచిన మూల ప్రతి ఒకటి ఇక్కడ, ఒకటి వేరొక ఊరిలో, ఒకటి ఏదైన విశ్వవిద్యాలయమున ఉండవలెను. ఒకచోట నిప్పు పడినను, నీరు పడినను పాట నిలుచును. కొన్నేండ్లకొకమారు క్రొత్త సాధనములోనికి మార్చుచుండవలెను. లక్క రికార్డు, క్యాసెట్టు మన కండ్లయెదుటనే పాతబడినవి, నేటివియు పాతబడును.

ఇంత పని ఒక పల్లెటూరి గ్రంథాలయము చేయగలదా అను సందేహము మీకు కలుగవచ్చును. ఉపాధ్యాయ వృత్తిలో జీవించిన కాళీపట్నం రామారావుగారు (1924–2021) 1997 ఫిబ్రవరి 22వ తేదీన శ్రీకాకుళములో కథానిలయము స్థాపించి, తెలుగు కథలన్నియు ఒకచోట చేర్చవలెనని పూనుకొనిరి. పాత పత్రికలు వెదకి వెదకి తెప్పించిరి. నేడు తెలుగు కథను గూర్చి పరిశోధింపదలచినవారు ఆ ఇంటి తలుపు తట్టవలసినదే. కథకు ఒక నిలయము మన జిల్లాలో ఏర్పడగలిగినప్పుడు, పాటకు ఒక బీరువా మన ఊరిలో ఏర్పడలేదా?

కార్యవర్గమువారికి నేను చేయు వినతి ఇది. రజతోత్సవపు ఖర్చులు పోగా మిగిలిన పైకమును ఈ పనికి మొదటి జమగా వేయుడు. రానున్న ఉడుపుల కాలమునకు యంత్రమును, ఇద్దరు యువకులను సిద్ధము చేయుడు. ముందుగా అందరికంటె పెద్దవయసు గల పాటకత్తెల ఇండ్లకు పోవుదము. కథలు, వాద్యములు తరువాతి వంతు. అమ్మలారా, మీలో పాట వచ్చినవారు, మాకేమి వచ్చునని సంకోచింపవద్దు. మీరు పాడుచుండగా వ్రాసికొనుటకు మేము వత్తుము. మీ పేరుతో ఈ పుస్తకమున ఒక పుట ఉండవలెను.

ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఇందు పుస్తకములతో పాటు మన ఊరి గొంతులు కూడ వినవచ్చుచుండవలెనని ఆకాంక్షించుచున్నాను.